తప్పెట కింద పెట్టిన తిమ్మప్ప

తిమ్మప్ప గొంతు గురించి చెప్పడానికి కోతలు కోయాల్సిన పనిలేదు. ఉన్నదున్నట్టు చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ. పెనుకొండ నుంచి రొద్దం పోయే బస్సు ఒకనాడు మా గుట్టకిందపల్లి దాటి చాలా దూరం పోయాక ఉన్నట్టుండి ఆగింది. బస్సు తప్పిపోయినవాడెవడో వెనకాల కేకలేస్తున్నాడనుకుని కండక్టరు ఈల వేశాడట. కేకలేస్తున్నది తిమ్మప్ప. బస్సు కోసం కాదు. ఊరి నడుమ నిలబడి, పశువులకు సూదిమందు వేసే డాక్టరు రేపు పొద్దున వస్తున్నాడని చాటింపు వేస్తున్నాడు. బస్సులో ఉన్న అందరికీ ఆ సంగతి తెలిసిపోయింది. మరుసటి రోజు రొద్దం వాళ్లు ఇద్దరు ఎద్దుల్ని తోలుకుని మా ఊరికి వచ్చారు.

నేను ఆ ఊరి మిషను బడికి టీచరుగా పోయింది 1952లో. మాది హిందూపురం. నలుగురు అక్కచెల్లెళ్లలో నోరున్న పిల్ల ప్రమీల అని ఇంట్లో నాకు పేరు. ఆ పేరు ఎంత డొల్లో మీకే తెలుస్తుంది. ఊరు ఒక పక్క, మా పేట ఒక పక్క. పేటలో ముప్పై ఇండ్లు, రేకుల కప్పు వేసిన చిన్న చర్చి, దాన్ని ఆనుకుని నా బడి, బడి వెనకాల నా గది. పేటలో అందరూ క్రైస్తవులే. అందరూ ఊరి రైతుల పొలాల్లో కూలికి పోయేవాళ్లే.

తిమ్మప్ప పంచాయతీ చాటింపు మనిషి. వాళ్ల నాయన పనీ అదే, తాత పనీ అదే. చూస్తే పీల మనిషి, మెడ సన్నం, బుగ్గలు లోపలికి. ఆ గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడో తెలిసేది కాదు. చదువు సున్నా. ప్రెసిడెంటు ఈశ్వరప్ప అరుగు మీద కూర్చుని చెప్పాల్సిన మాట ఒక్కసారి చెబుతాడు. తిమ్మప్ప కళ్లు మూసుకుని వింటాడు, తనలో తాను ఒకసారి అనుకుంటాడు, పంచాయతీ తప్పెట చంకకు తగిలించుకుని బయలుదేరతాడు. ఊళ్లో ఏడు చోట్ల నిలబడతాడు. మూడు దెబ్బలు, "ఊరి జనాలందరికీ తెలియజేసేదేమంటే," ఆ తర్వాత మాట, చివర రెండు దెబ్బలు. ఏడు చోట్లా ఒక్క అక్షరం అటూ ఇటూ కాదు.

తప్పెట మోగాక వచ్చిన మాట అంటే మా ఊరికి శాసనం. ఒకసారి ఈశ్వరప్ప శిస్తు గడువు సంగతి చెబుతూ మధ్యలో దగ్గు తెరలు వచ్చి, "థూ, ఈ పాడు పొగాకు మానాల" అన్నాడు. అది కూడా ఏడు చోట్ల చాటింపు అయిపోయింది. సర్కారు పొగాకు నిషేధించిందనుకుని ఆ వారమంతా ముసలివాళ్లు గడ్డివాముల వెనక దాక్కుని చుట్టలు కాల్చారు. ఈశ్వరప్ప తన మాట తాను వెనక్కి తీసుకోలేక, తానూ గడ్డివాము వెనకే కాల్చాడు.

తిమ్మప్పకు బాప్తిస్మం ఇచ్చిన దొర తిమోతి అని పేరు పెట్టి పోయాడు. పేరు మారిన సంగతి ఎవరూ చాటింపు వేయలేదు కాబట్టి ఊరికి తెలియలేదు. అతని పెళ్లాం ఈరక్కను ఎస్తేరమ్మ అన్నారు. ఎవరైనా ఎస్తేరమ్మా అని పిలిస్తే, ఎవరొచ్చారా అని ఈరక్క కూడా వెనక్కి తిరిగి చూసేది.

మా సంఘంలో ఆదివారం ఆరాధన చివర నోటి ప్రార్థన అని ఒక వాడుక ఉండేది. బల్ల వరస ప్రకారం వారానికొకరు లేచి సొంత మాటలతో గట్టిగా ప్రార్థన చేయాలి. ఎవరు ఎంతసేపు చేస్తే అంత ఎదిగిన విశ్వాసి అని లెక్క. ఆ కొలతలో సంఘ పెద్ద గంగాధరప్పను మించినవాడు లేడు. ఫారెస్టు గార్డుగా చేసి రిటైరైనవాడు. ఆయన మొదలుపెడితే మొదట లోకసృష్టి, తర్వాత రాష్ట్ర ప్రభుత్వం, ఆపైన వానలు, చిట్టచివర తన మోకాలి నొప్పి. పొయ్యి మీద సంగటి పెట్టి వచ్చిన ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేవారు. అది భక్తి అని ఆయన నమ్మకం.

తిమ్మప్ప వంతు వచ్చినప్పుడు మాత్రం సంఘానికి పండగే. లేచి నిలబడేవాడు. గొంతు సవరించుకునేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు రేకులు ఎగిరిపోతాయేమోనని పైకి చూసేవారు. "ఆమేన్" అనేవాడు. అదీ పక్కవాడికి మాత్రమే వినపడేటట్టు. కూర్చునేవాడు. పెనుకొండ నుంచి నెలకోసారి సైకిలు మీద వచ్చే పాస్టరు అయ్యగారికి ఇది నచ్చలేదు.

"ఏం తిమోతీ, ఊరికంతా అరుస్తావు, దేవుని దగ్గర నోరు పెగలదా? ఎప్పటికి ఎదుగుతావు నువ్వు?"

"ఆ మాటలు నావి గాదు గదయ్యా. చెప్పమంటే చెప్తా. ఈడ నాకు చెప్పిచ్చేటోళ్లు యెవురుండారు?"

అయ్యగారు జవాబు వెతుక్కుంటూ సైకిలెక్కారు. ఎంత తొక్కినా దొరికినట్టు లేదు, మళ్లీ ఆ ప్రశ్న వేయలేదు.

1956లో హిందూపురం టూరింగ్ టాకీసు వాళ్లకు తిమ్మప్ప గొంతు గురించి తెలిసింది. శనివారం శనివారం పిలిపించుకుని జట్కా మీద నిలబెట్టి బజార్లన్నీ తిప్పేవారు. ఈ సంగతి మా సంఘ కమిటీ చెవిన పడింది. క్రైస్తవుడు సినిమాకు తప్పెట కొట్టడమా! పిలిచి నిలదీశారు. నేను కమిటీ సెక్రటరీని. మినిట్సు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"సినిమాకు కొట్టినావంట?" అన్నాడు గంగాధరప్ప.

"కొట్టినా."

"పాపం గాదా?"

"నేను చూడల్యాదన్నా. వాళ్లను చూడమన్నా, అంతే."

కమిటీ కాసేపు ఆలోచించింది. చివరికి ఒక సభ్యుడు గొంతు తగ్గించి, ఇంతకీ కథ ఏమిటని అడిగాడు. తిమ్మప్ప కళ్లు మూసుకుని ఆ వారం చాటింపు మొత్తం మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. కత్తి యుద్ధాల దగ్గర గంగాధరప్ప కుర్చీలో ముందుకు జరిగాడు. ఇకమీదట జాగ్రత్తగా ఉండాలని తీర్మానం రాశాను. ఎవరు జాగ్రత్తగా ఉండాలో రాయలేదు. పై శనివారం కమిటీలో ఇద్దరికి హిందూపురంలో అర్జంటు పని తగిలింది.

ధర్మవరం సంగతి ఇంకా బాగుంటుంది. పెండ్లిళ్ల రోజుల్లో పట్టుచీరల కొట్టు ఆదెప్ప ఇతన్ని పిలిపించి, "ధర్మవరం మొత్తం మీద ఆదెప్ప చీరకు సాటి చీర లేదు" అని చాటించాడు. తిమ్మప్ప నిజాయితీపరుడు, వీధి వదలడు. పోటీ కొట్టు రామాంజినేయులు గుమ్మం ముందు కూడా నిలబడి మూడు దెబ్బలు కొట్టి అదే చాటాడు. రామాంజినేయులు బయటికొచ్చి, తిట్టబోయి, ఆ గొంతు విని మనసు మార్చుకున్నాడు. మధ్యాహ్నం భోజనం పెట్టి, సాయంత్రం తన చీర గురించి చాటమన్నాడు. తిమ్మప్ప అవే వీధుల్లో, అంతే ఉత్సాహంగా, "ధర్మవరం మొత్తం మీద రామాంజినేయులు చీరకు సాటి చీర లేదు" అని చాటి వచ్చాడు. జనం కూడా పొద్దున ఆదెప్ప కొట్టుకూ, సాయంత్రం రామాంజినేయులు కొట్టుకూ పోయారట.

"రెండింట్లో ఏది నిజం తిమ్మప్పన్నా?" అని నేను అడిగాను.

"నాకేం తెలుసు టీచరమ్మా. పట్టుచీర నేను ముట్టింది ల్యా. ఆ మాటలు వాళ్లవి."

నేను నవ్వాను. ఆ జవాబులో ఎంత సుఖముందో అప్పుడు నాకు తట్టలేదు. మాట మనది కాదనుకుంటే మనిషి ఎంత హాయిగా నిద్రపోవచ్చు!

అట్లా హాయిగా పదకొండేళ్లు గడిచాయి. 1963 ఎండాకాలం వచ్చింది. మా పేట బావి అడుగంటి ఉప్పు బురద మిగిలింది. ఆడవాళ్లు తెల్లారకముందే లేచి వంకకు పోయి, ఇసకలో చెలమలు తోడి, ఒక్కో బిందె నీళ్ల కోసం ఒక్కో జాము కూర్చునేవారు. అప్పటికే ఊరికీ పేటకూ నడుమ ఉన్న పోరంబోకులో ప్రభుత్వం మంచినీళ్ల బావి మంజూరు చేసింది. తవ్వింది మా పేట మగవాళ్లే. తిమ్మప్ప కూడా దిగాడు. నీళ్లు పడ్డాయి, తియ్యటి నీళ్లు. ఆఫీసరు వచ్చి టెంకాయ కొట్టి, ఇది ఊరికీ పేటకూ అందరికీ కలిపి అని చెప్పి, దండ వేయించుకుని పోయాడు.

మర్నాడు మా ఆడవాళ్లు బిందెలు తీసుకుని పోతే, గిరక దగ్గర నలుగురు ఊరి పెద్దలు నిలబడి, ఇప్పుడు కాదు తర్వాత చూద్దాం అన్నారు. ఆ తర్వాత అనేది ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. ఇట్లాంటివి కూడదని చట్టం వచ్చి ఎనిమిదేళ్లయింది. ఢిల్లీలో బయలుదేరింది గాని, మా ఊరికి దానికి బస్సు దొరికినట్టు లేదు.

ఈశ్వరప్ప చెడ్డవాడు కాదు. అదే తంటా. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్లం. అతనికి అటు కులపెద్దలంటే భయం, ఇటు ఆఫీసరంటే భయం. వారంలో ఆఫీసరు మళ్లీ వస్తాడని తెలిసి, ఇద్దరికీ సరిపోయే ఉపాయం ఒకటి కనిపెట్టాడు. ఆదివారం పొద్దున తిమ్మప్పను పిలిపించి చాటాల్సిన మాట చెప్పాడు. కొత్త బావి నీళ్లు పరీక్షకు పంపడమైనది, ఫలితం వచ్చేవరకు పేటవాళ్లు తమ ఆరోగ్యం దృష్ట్యా తోడరాదు. ఊరివాళ్లు తోడుకోవచ్చు. మా ఆరోగ్యం మీద అంత ప్రేమ! సీసా నీళ్లు కూడా ఎక్కడికీ పోలేదని ఊళ్లో కుక్కలకు సైతం తెలుసు.

తిమ్మప్ప కళ్లు మూసుకుని విన్నాడు. తనలో తాను అనుకోబోయాడు. రాలేదు. "ఇంగోసారి చెప్పు ప్రెసిడెంటప్పా" అన్నాడు. పుట్టిన తర్వాత అతను రెండోసారి అడగడం అదే మొదలు. మూడోసారి కూడా చెప్పించుకుని, సోమవారం పొద్దున చాటాలన్న ఆర్డరుతో నేరుగా చర్చికి వచ్చాడు.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. అందరి నోళ్లూ ఎండిపోయి ఉన్నాయి. కోపం లేదని కాదు, ఉంది. కానీ అందరికీ కూలి దొరికేది ఈశ్వరప్ప వాళ్ల పొలాల్లోనే. తిమ్మప్ప చాటనంటే రేపు ముప్పై ఇండ్లలో పొయ్యి వెలగదేమోనన్న భయం ఉత్తుత్తి భయం కాదు. గంగాధరప్ప మాత్రం భయాన్ని భక్తిగా మార్చడంలో ఆరితేరినవాడు. పై అధికారులకు విన్నపం రాద్దాం, శుక్రవారం ఉపవాస ప్రార్థన పెడదాం అన్నాడు. "నువ్వు చాటు తిమ్మప్పా. అది నీ మాట గాదు గదా. నీది నోరు మాత్రమే" అన్నాడు. నేను అదే తీర్మానంగా రాశాను. దస్తూరి చక్కగా కుదిరింది.

తిమ్మప్ప కదల్లేదు. నా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. అబద్ధం చాటింపేస్తే ఆ అబద్ధం యెవురిది? చెప్పిచ్చినోనిదా, అరిచినోనిదా?"

ఆ వారమే నేను పిల్లల చేత పది ఆజ్ఞలు అప్పజెప్పించాను. తొమ్మిదోదాని దగ్గర, అదే అబద్ధ సాక్ష్యం పలకరాదన్న దాని దగ్గర, తడబడిన పిల్లను గోడకుర్చీ కూడా వేయించాను. జవాబు నాకు తెలుసు. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. పేటంతా చెలమల దగ్గర కూర్చున్న ఆ రోజుల్లో, టీచరమ్మ కదా అని ఈశ్వరప్ప తన మనిషితో నాకు మాత్రం రోజూ ఒక బిందె కొత్త బావి నీళ్లు పంపేవాడు. ఆ బిందె పొద్దున్నే నా గది గుమ్మంలో నిండుగా ఉండేది. నేను ఆ నీళ్లు తాగుతూనే పిల్లలకు ఆజ్ఞలు నేర్పాను.

"చెప్పిచ్చినోళ్లదే తిమ్మప్పన్నా. నీకేం బాధ్యత లేదు" అన్నాను.

తిమ్మప్ప తల ఊపి వెళ్లిపోయాడు. ఇంటి దగ్గర ఈరక్క ఏమందో తర్వాత ఆమే నాకు చెప్పింది. "చెప్పిచ్చేది ఈశ్వరప్ప. ఊ అనేది గంగాధరప్ప. పాపం ల్యాదనేది టీచరమ్మ. నోరు మాత్రం నీది. ఆ నోటితోనే గదా రేపు నన్ను నీళ్లడిగేది!" అని, వంక నుంచి తెచ్చిన బురదనీళ్లు చెంబుతో ముందర పెట్టిందట.

సోమవారం పొద్దున తప్పెట మోగింది. నేను బడి మానేసి, ఏదో పని ఉన్నట్టు ఊరి మొదటికి పోయి నిలబడ్డాను. తిమ్మప్ప ఎప్పటిలాగే ఈశ్వరప్ప ఇంటి ముందున్న మొదటి చోట నిలబడ్డాడు. మూడు దెబ్బలు కొట్టాడు. జనం గుమ్మాల్లోకి వచ్చారు. "ఊరి జనాలందరికీ తెలియజేసేదేమంటే" అన్నాడు. ఆగాడు.

ఆగడమంటే ఏమిటో మా ఊరికి తెలియదు. ఎవరో, మర్చిపోయినట్టుండాడు పాపం అన్నారు. అరుగు మీద నుంచి ఈశ్వరప్ప, "పరీక్షకు... పరీక్షకు..." అని మెల్లగా అందించాడు, బళ్లో పిల్లకు అందించినట్టు. తిమ్మప్ప వినిపించుకోలేదు. చంకలోంచి తప్పెట తీసి నేలమీద పెట్టాడు. కర్ర దాని మీద పెట్టాడు. ఏదో చెప్పాడు. ఎవరికీ వినపడలేదు. తప్పెట లేకపోతే ఆ గొంతు ఇంతేనా అని నేను ఆశ్చర్యపోయాను.

ఈశ్వరప్ప తల్లి నాగేంద్రమ్మకు ఎనభై ఏళ్లు. ఆమె అరుగు మీద నుంచే కేకేసింది. "ఏమప్పా, తప్పెట కొట్టి చెప్పు. ఇనపడల్యా!"

"కొట్టనవ్వా. కొడితే పంచాయతీ మాట అనుకుంటారు. ఇది నా మాట. ఇనాలంటే దగ్గరికి రాండి."

ఊరు ఊరంతా దగ్గరికి వచ్చింది. చాటింపు కోసం మనిషి దగ్గరికి పోవడం కూడా వాళ్లకు అదే మొదలు. నేనూ పోయాను. తిమ్మప్ప కాళ్లు వణుకుతున్నాయి, పంచె కదులుతుంటే కనిపించింది.

"ప్రెసిడెంటప్ప నన్నొక మాట చాటమన్న్యాడు. అది నేను చాటను. అది నిజం గాదు. నీళ్లు యాడికీ పంపల్యా. నేను దేవున్ని నమ్ముకున్నోన్ని. ఇన్నేండ్లు ఈ నోరు యెవురడిగితే వాళ్లకిచ్చినా. అబద్ధానికి ఇయ్యను." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఈ బావి అందరిదీ అని ఆఫీసరు చెప్పినాడు. ఈడ మీరు గిరక మీద తోడుకుంటాండారు, ఆడ మా ఆడోళ్లు వంకలో ఇసక గీరుకుంటాండారు. అది తప్పు. అదే నేను చెప్పాల్సింది."

ఈశ్వరప్ప మొహం ఎర్రబడింది. "రేయ్, నీళ్లు మంచివో కావో నీకేం తెలుసురా?"

"నాకే తెలుసు ప్రెసిడెంటప్పా. నీళ్లు పడిన నాడు అడుగున గడ్డపార పట్టుకుని ఉండింది నేనే. తొలి దోసిలి తాగింది నేనే. పద్దెనిమిది దినాలాయ. పరీక్ష నా మీదే అయిపోయింది. చావల్యా గదా?"

"చచ్చింటే ఈ గోల తప్పిండేది" అన్నాడెవడో వెనకాల. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుతో ఆ పొద్దు అయిపోయేదేమో. కానీ నాగేంద్రమ్మ నవ్వలేదు. ఆమె వేళ్ల మీద ఏదో లెక్క వేస్తోంది.

"ఏమంటివి? తొలి దోసిలి నువ్వు తాగినావా?"

"తాగినా అవ్వా."

"నోరు పెట్టినావా?"

"దోసిట్లోనే. మీసం మునిగింటాది."

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఒరే ఈశ్వరా! పద్దెనిమిది దినాల నుంచీ వాని ఎంగిలి తాపిస్తాండావు గదరా నాకు!"

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పేటవాళ్లు తవ్విన బావిలో తొలి నీళ్లు ముట్టింది ఎవరై ఉంటారని పద్దెనిమిది రోజులుగా ఒక్కరికీ తట్టలేదు. గిరక దగ్గర మడి కాపలా కాసిన పెద్దలకు అసలే తట్టలేదు. ఒకాయన అప్పటికప్పుడు పక్కకు పోయి ఉమ్మేసి వచ్చాడు, పద్దెనిమిది రోజుల నీళ్లు ఒక్క ఉమ్ముతో పోయేటట్టు.

"ఇంగ మడి యాడుండాదిరా మనకు? అది పోనే పోయ. చేతులు కాలినాక ఆకులు పట్టుకునేది యాల? వాళ్లను తోడుకోనీ. ఆ చెలమల గోల ఇనలేకుండా ఉండా పొద్దున్నే" అని అవ్వ లేచి లోపలికి పోయింది.

అవ్వ న్యాయం మా న్యాయం కాదు. మేమూ మనుషులమేనని ఆమె అనలేదు. తానూ చెడిపోయాను, ఇక దాచుకునేదేమీ లేదు అంది, అంతే. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

ఈశ్వరప్ప పరువు పోయినవాడిలా నిలబడి, "రేపట్నుంచి నువ్వు చాటొద్దు. తప్పెట ఆడనే ఉండనీ" అన్నాడు. "సరే ప్రెసిడెంటప్పా" అని తిమ్మప్ప వట్టి చంకతో ఇంటికి నడిచాడు. మూడు తరాల పని ఆ పూటతో పోయింది. ఆ తర్వాత అతను బావులు తవ్వే గుంపుతో కలిసి ధర్మవరం, గోరంట్ల దాకా పోయి బతికాడు. మళ్లీ తప్పెట ముట్టలేదు.

ఇంటికి వస్తే పేట అతన్ని భుజాల మీద మోసిందనుకుంటున్నారా? తిట్టింది. కమిటీ తీర్మానం లేకుండా మాట్లాడతావా అని గంగాధరప్ప గుమ్మంలో నిలబడి అరిచాడు. మంగళవారం ఊళ్లో ఎవరూ మావాళ్లను కూలికి పిలవలేదు. బుధవారం కూడా పిలవలేదు. తిమ్మప్ప తలుపు దగ్గరేసుకుని కూర్చున్నాడు. ఈరక్క మాత్రం వంకకు పోతూ వస్తూ, ఎవరేమన్నా అనండి అన్నట్టు తల పైకెత్తి నడిచింది. నేను ఆ రెండు రోజులూ గది దాటలేదు. గుమ్మంలో బిందె మాత్రం ఎప్పటిలాగే నిండుగా వచ్చింది.

అయితే నవ్వుకు కాళ్లుంటాయి. అవ్వ ఎంగిలి కథ పెనుకొండ సంతలో చెప్పుకుని నవ్వారు, అక్కడి నుంచి ఆఫీసరు చెవిన పడింది. ఇంట్లో అవ్వ కొడుకును అన్నం తిననివ్వలేదు, కూర్చోనివ్వలేదు. బుధవారం సాయంత్రం పక్క ఊరి నుంచి తెప్పించిన ఈరన్న అనే కొత్త మనిషి తప్పెట కొట్టుకుంటూ మా పేట దాకా వచ్చాడు. కొత్త బావి నీళ్లు పరీక్షలో మంచివని తేలినవి, ఊరివాళ్లు, పేటవాళ్లు అందరూ తోడుకోవచ్చు. పెనుకొండకు కార్డు ముక్క పోయి జవాబు రావడానికే వారం పట్టే కాలంలో, ఆ సీసా ఎప్పుడు పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది అని ఎవరూ అడగలేదు. గంగాధరప్ప ఇదంతా విన్నపం మహిమ అన్నాడు. విన్నపం ఇంకా నా దగ్గరే ఉంది, దానికి స్టాంపు కూడా అంటించలేదు.

పై నెలలో అయ్యగారు వచ్చారు. నోటి ప్రార్థన వంతు తిమ్మప్పది వచ్చింది. అందరూ అతని వైపే చూశారు. లేచాడు, గొంతు సవరించుకున్నాడు, "ఆమేన్" అని కూర్చున్నాడు. ఎప్పటికి ఎదుగుతావని అయ్యగారు అడగలేదు.

అది తర్వాతి మాట. గురువారం పొద్దున సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు ఈశ్వరప్ప మనిషి ఎప్పటిలాగే నా గుమ్మానికి బిందె తెచ్చాడు. వద్దు, ఇక తేవద్దు అని చెప్పి పంపేశాను. నా బిందె నేను తీసుకుని బావి దగ్గరికి పోయాను. పేట పేటంతా అక్కడే ఉంది. నవ్వులు, కేకలు, గిరక కీచుమని మోత. వరస ముందర ఈరక్క, ఆమె వెనక నెత్తిన కుండతో తిమ్మప్ప. నేను నేరుగా అతని పక్కకు పోయి నిలబడి, ఎవరికీ వినపడకుండా చెప్పాను.

"తిమ్మప్పన్నా, ఆ పొద్దు కమిటీలో నేను నీకు చెప్పింది అబద్ధం."

"ఏమంటాండావు టీచరమ్మా? ఇనపడల్యా."

ఎగతాళి కాదు. ఆ మోతలో నిజంగానే వినపడలేదు. ఈరక్క వెనక్కి తిరిగింది. ఆమెకు మాత్రం వినపడినట్టుంది. "గట్టిగా చెప్పమ్మా. పిల్లోళ్లకు చెప్పే గొంతుతో చెప్పు" అంది.

ఆడవాళ్లంతా ఇటు చూశారు. ప్రతి ఒక్కరూ నా బడి పిల్లల తల్లులే. నా నోరు ఎండిపోయింది. నలుగురు అక్కచెల్లెళ్లలో నోరున్న పిల్లను నేను! మాట్లాడకుండా వెనక్కి తిరిగి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మళ్లీ మామూలుగా పది ఆజ్ఞలు చెప్పుకోవచ్చు. ఆ ఒక్క క్షణంలో, సోమవారం తిమ్మప్ప పంచె ఎందుకు వణికిందో నాకు ఒంటికి తెలిసింది.

"అరిచినోడిది కూడా ఆ అబద్ధం! నాకు తెలుసు. తెలిసి కూడా నీకు చెప్పలేదు. మీరంతా వంకలో ఉంటే నాకు ఈశ్వరప్ప ఇంటి నుంచి రోజూ బిందె వచ్చింది. అది ఆగిపోతుందనే భయంతో చెప్పలేదు!"

గిరక ఆగింది. తిమ్మప్ప నా మొహం చూశాడు.

"ఇప్పుడు ఇనపడింది టీచరమ్మా," అన్నాడు. "వరస ఆడుండాది."

నేను పోయి వరసలో అందరికంటే వెనక నిలబడ్డాను.